అచ్చు గుద్దినా ఆ టోన్ రాదేం?

పేరుమోసిన గిటార్ యాంప్‌లకూ, గిటార్ శబ్దాన్ని మార్చే పెడల్స్‌కూ వచ్చే నకళ్ళ (క్లోన్ల) మీద పాఠకులు పంపిన ప్రశ్నలు ఈసారి ఒకచోట చేర్చాం. కొన్నింటికి రెండు ముక్కల్లో జవాబు సరిపోయింది. కొన్నింటికి మల్టీమీటర్ బయటికి తీయక తప్పలేదు.

ప్రశ్న: ఫెండర్ కంపెనీ బాస్‌మన్ యాంప్‌లోని 5ఎఫ్6-ఏ సర్క్యూట్‌ను ఒక్క విలువ కూడా మార్చకుండా కట్టాను. బాగానే పలుకుతోంది. కానీ పాత రికార్డుల్లో వినే మోత అది కాదు. సర్క్యూట్ అదే అయినప్పుడు టోన్ ఎందుకు మారింది?

జవాబు: లండన్‌లో జిమ్ మార్షల్ దుకాణంలో కెన్ బ్రాన్, డడ్లీ క్రేవెన్ 1962లో మొదటి మార్షల్ యాంప్ కట్టినప్పుడు నమూనాగా పెట్టుకున్నది మీరు కట్టిన ఈ బాస్‌మన్‌నే. ప్రీయాంప్, టోన్ కంట్రోల్స్, ఫేజ్ ఇన్వర్టర్ దాదాపు గీతకు గీత ఆ తొలి మార్షల్‌లోకి, అంటే జేటీఎం45లోకి దిగాయి. అయినా ఒకటి ఫెండర్‌లా, ఇంకొకటి మార్షల్‌లా పలుకుతాయి. కళ్ళు మూసుకున్నా ఏది ఏదో చెప్పేయవచ్చు.

తేడా ఎక్కడ వచ్చిందో చూస్తే మీ యాంప్ సంగతి కూడా తేలుతుంది. బాస్‌మన్‌లో మొదటి వాల్వ్ 12ఏవై7, దాని యాంప్లిఫికేషన్ ఫ్యాక్టర్ 44. మార్షల్‌లో ఆ చోట ఈసీసీ83 కూర్చుంది, దానిది 100. మొదటి మెట్టులోనే సిగ్నల్ సుమారు రెట్టింపు కావడంతో వెనకున్న స్టేజీలు అంత త్వరగా పగులుతాయి, అంటే డిస్టార్షన్‌లోకి వెళ్తాయి. అవుట్‌పుట్‌లో 5881ల బదులు కొద్దికాలానికే కేటీ66లు వచ్చాయి. అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపి శబ్దాన్ని అదుపులో ఉంచే నెగటివ్ ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ రెండింట్లోనూ 27 కిలోఓమ్‌లే. కానీ బాస్‌మన్‌లో అది 2 ఓమ్‌ల స్పీకర్ ట్యాప్ నుంచి వస్తే తొలి మార్షల్‌లో 16 ఓమ్‌ల ట్యాప్ నుంచి వచ్చింది. అదే పవర్ దగ్గర 16 ఓమ్‌ల ట్యాప్ మీద వోల్టేజి 2.8 రెట్లు ఎక్కువ ఉంటుంది. కాగితం మీద రెసిస్టర్ మారలేదు, వెనక్కి వెళ్ళే సిగ్నల్ మాత్రం మూడింతలకు దగ్గరైంది. ఇక ఫెండర్‌ది వెనక తెరిచిన పెట్టె, అందులో నాలుగు 10 అంగుళాల జెన్సెన్‌లు. మార్షల్‌ది మూసిన క్యాబినెట్, అందులో నాలుగు 12 అంగుళాల సెలెస్షన్‌లు. టోన్‌ను అన్నిటికంటే ఎక్కువ మార్చినది ఈ చివరిదే.

కాబట్టి మీరు కూడా వెనక నుంచి ముందుకు రండి. మొదట స్పీకర్. మిగతా యాంప్ అంతా సరిగ్గా దింపి, ఎదురుగా వేరే రకం 12 అంగుళాల స్పీకర్ ఒక్కటి పెడితే మీరు కట్టింది బాస్‌మన్ ముందు భాగం మాత్రమే. గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక ధ్వనిని బాగా కోసేస్తుంది. ఆ కోత ఎక్కడ మొదలవుతుంది, అంతకుముందు ఏ చోట ఉబ్బుతుంది అన్నది ప్రతి మోడల్‌కూ వేరు. కెపాసిటర్ బ్రాండ్ మార్చి తెచ్చే తేడా దీని ముందు సోదిలోకి రాదు.

రెండోది మోత. ఆ పాత రికార్డుల్లో యాంప్ వాల్యూమ్ బాగా తిప్పి ఉంది. అవుట్‌పుట్ వాల్వులు, ట్రాన్స్‌ఫార్మర్, స్పీకర్ కోన్ మూడూ కలిసి శ్రమపడుతున్న చప్పుడది. ఇంట్లో నాబ్ 3 మీద పెడితే వాటిలో ఏదీ ఇంకా నిద్ర లేవదు. తక్కువ మోతలో మన చెవికి కూడా బేస్ తక్కువగానే అందుతుంది. యాంప్‌కీ స్పీకర్‌కీ మధ్య పెట్టి మోత తగ్గించే అటెన్యుయేటర్ కొంతవరకు ఆదుకుంటుంది. మరీ ఎక్కువ తగ్గిస్తే వాల్వులు కష్టపడుతున్నా స్పీకర్ ఖాళీగా కూర్చుంటుంది, టోన్‌కి దుప్పటి కప్పినట్టవుతుంది.

మూడోది వోల్టేజిలు. ఇక్కడ జాగ్రత్త. ప్లగ్ పీకేసినా ఫిల్టర్ కెపాసిటర్లలో 400 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. ఏదైనా ముట్టుకునే ముందు 10 కిలోఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్‌ను ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో కెపాసిటర్ ప్లస్‌కీ షాసీకీ మధ్య పెట్టి, మీటర్‌లో 10 వోల్టుల లోపుకి దిగిందని చూసుకోండి. యాంప్ ఆన్‌లో ఉండగా కొలిచేటప్పుడు ఒక చెయ్యి జేబులోనే ఉండాలి. స్పీకర్ తగిలించకుండా ఆన్ చేయకూడదు. ఈ పని అలవాటు లేకపోతే తెలిసిన టెక్నీషియన్ చేతికి ఇవ్వండి.

5ఎఫ్6-ఏలో ప్లేట్ వోల్టేజి 430 చుట్టూ ఉండాలి. మీకు 480 వస్తోందంటే మీ పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కువ ఇస్తోందనో, జీజెడ్34 రెక్టిఫయర్ బదులు సిలికాన్ డయోడ్లు పడ్డాయనో అర్థం. టోన్ బిగుసుకుపోయి, గట్టిగా మీటినప్పుడు కొద్దిగా కుంగి మళ్ళీ లేచే గుణం పోతుంది. బయాస్ (సిగ్నల్ లేనప్పుడు వాల్వ్‌లో నడిచే కరెంటు) చూడటానికి ఒక్కో అవుట్‌పుట్ వాల్వ్ కాథోడ్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 1 ఓమ్ రెసిస్టర్ వేయండి. దాని మీద ఎన్ని మిల్లీవోల్టులుంటే అన్ని మిల్లీయాంపులు. 5881 గరిష్ఠం 23 వాట్లు, మనం పెట్టుకోవాల్సింది అందులో 70 శాతం, అంటే 16.1 వాట్లు. 430 వోల్టుల దగ్గర అది 37 మిల్లీయాంపులవుతుంది. ఈ లెక్కలో స్క్రీన్ కరెంటు కూడా కలిసి ఉంటుంది కనుక ప్లేట్‌ది అసలు కొంచెం తక్కువే. 20 మిల్లీయాంపుల దగ్గర ఉంటే టోన్ పలచగా, గరుకుగా ఉంటుంది. చాలామంది దీన్నే ‘కొత్త వాల్వులు మంచివి కావు’ అంటారు.

అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌ను చివరికి వదిలేశాం కానీ అది చిన్న విషయం కాదు. వాట్లు, ఇంపీడెన్స్ సరిపోయినంత మాత్రాన సరిపోదు. ఇనుము ఎంత, చుట్లను పొరలుపొరలుగా ఎలా కలిపి చుట్టారు అన్నదాన్ని బట్టి, బాగా మోగించినప్పుడు బేస్ ఎక్కడ నలుగుతుంది, ట్రెబుల్ ఎంతవరకు దాటుతుంది అన్నది తేలుతుంది. చౌక క్లోన్లలో మొదట పొదుపు చేసేది ఇక్కడే, ఎందుకంటే సర్క్యూట్ బొమ్మలో అది కనిపించదు.

ప్రశ్న: బాస్‌మన్ లాంటిదే నేనూ కట్టాను. వాల్వులు వేడెక్కగానే యాంప్ గట్టిగా అరుస్తోంది. నాబ్‌లు తిప్పినా ఆగదు.

జవాబు: వెంటనే ఆఫ్ చేయండి. ఫీడ్‌బ్యాక్ తలకిందులైంది. నెగటివ్‌గా రావాల్సినది పాజిటివ్‌గా వస్తోంది. కెపాసిటర్లు ఖాళీ చేశాక, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ నుంచి రెండు వాల్వుల ప్లేట్లకు వెళ్ళే తీగలను ఒకదాని చోట ఒకటి మార్చండి. అలా కాక, వాల్యూమ్ సగం దాటాకే ఈల వస్తోందంటే ఆ రోగం వేరు. ప్లేట్ తీగ, గ్రిడ్ తీగ ఒకదాన్నొకటి ఆనుకుని వెళ్తున్నాయి. వాటిని విడదీయండి, దాటక తప్పని చోట అడ్డంగా దాటించండి.

ప్రశ్న: ట్యూబ్ స్క్రీమర్ అనే ఓవర్‌డ్రైవ్ పెడల్‌కి నకలు కొన్నాను. అందులో జేఆర్‌సీ4558 చిప్ లేదు కాబట్టి పాత 808 మోడల్ టోన్ రాదంటున్నారు. నిజమేనా?

జవాబు: చిప్ పేరు చూసి టోన్ చెప్పడం జాతకం చూసి జ్వరం చెప్పడం లాంటిది. ఈ పెడల్ గొంతు ఎక్కడుందో చూద్దాం. డ్రైవ్ స్టేజీలో 4.7 కిలోఓమ్‌ల రెసిస్టర్‌తో వరసలో 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంటుంది. ఈ రెండూ కలిసి 720 హెర్ట్జ్ దగ్గర గీత గీస్తాయి. దానికి కింది స్వరాలకు గెయిన్ (సిగ్నల్ ఎన్ని రెట్లు పెరుగుతుందో ఆ అంకె) తగ్గిపోతూ వస్తుంది కనుక బేస్ అంతగా పగలదు. పైన 51 కిలోఓమ్‌లు, 500 కిలోఓమ్‌ల డ్రైవ్ నాబ్ కలిసి గెయిన్‌ను సుమారు 12 నుంచి 118 దాకా తీసుకెళ్తాయి. ఫీడ్‌బ్యాక్ దారిలో ఎదురెదురుగా ఉన్న సిలికాన్ డయోడ్లు శిఖరాలను మెత్తగా నొక్కుతాయి. వెనక 1 కిలోఓమ్, 0.22 మైక్రోఫారడ్ పైస్థాయిని కోస్తాయి. అందరూ మెచ్చుకునే ఆ ‘మధ్యలో ఉబ్బు’ ఇదంతా కలిసి చేసిన పని. ఈ విలువలు సరిగ్గా ఉంటే, ఆ సాకెట్‌లో పనికొచ్చే ఏ మామూలు డ్యూయల్ ఆప్ యాంప్ పెట్టినా తేడా చెవికి దొరకడం కష్టం.

808కీ దాని తర్వాతి మోడల్ టీఎస్9కీ ఉన్న తేడా కూడా చివర్లో రెండు రెసిస్టర్లే. మొదటిదాంట్లో 100 ఓమ్‌లు, 10 కిలోఓమ్‌లు. రెండోదాంట్లో 470 ఓమ్‌లు, 100 కిలోఓమ్‌లు. నకళ్ళలో నిజంగా చెడేది ఇంకెక్కడో. టోన్ నాబ్‌కి వేరే రకం ట్రాక్ ఉన్న పాట్ (నాబ్ కింద తిరిగే రెసిస్టర్) వేస్తారు, మార్పంతా ఒక మూలకు చేరుతుంది. 20 శాతం అటూ ఇటూ ఉండే పాట్ 500కి 400 చూపిస్తుంది. విప్పి మీటర్‌తో ఈ రెండూ చూడండి.

అయితే చిప్ ఎప్పుడూ లెక్కలోకి రాదని అనుకోకండి. ర్యాట్ పెడల్‌లో వస్తుంది. అందులోని ఎల్‌ఎం308 వోల్టేజిని మైక్రోసెకనుకు సుమారు 0.3 వోల్టుల కంటే వేగంగా మార్చలేదు. గెయిన్ పెంచితే అంచులను అందుకోలేక వెనకబడుతుంది, గుండ్రంగా అరగదీస్తుంది. ఆ బద్ధకమే ర్యాట్ టోన్. 13 వోల్టుల వేగమున్న టీఎల్071 అక్కడ పెడితే శబ్దం ఇసుక రాసినట్టు వస్తుంది. అదే 0.3 వేగమున్న ఓపీ07 పెడితే ర్యాట్ ర్యాట్‌లాగే ఉంటుంది.

ప్రశ్న: జర్మేనియం ట్రాన్సిస్టర్లతో ఫజ్ ఫేస్ పెడల్ కట్టాను. ఉదయం అద్భుతంగా ఉంటుంది. మధ్యాహ్నం వేడికి తుంపులు తుంపులుగా, సగం సగం పలుకుతుంది. సోల్డరింగ్ మళ్ళీ చేసి చూశాను, లాభం లేదు.

జవాబు: సోల్డరింగ్‌ను వదిలేయండి, తప్పు దానిది కాదు. 1966లో వచ్చిన అసలు ఫజ్ ఫేస్‌లకూ ఇదే జబ్బు. అందుకే వాటిని వాడినవాళ్ళు పది పెడల్స్ వాయించి చూసి ఒకటి ఏరుకునేవారు. ‘ఫజ్ ఫేస్ టోన్’ అని మనం పిలిచేది ఆ ఏరిన ఒక్కదాని టోన్.

జర్మేనియంలో ట్రాన్సిస్టర్ ‘బేస్’ కాలికి ఏమీ ఇవ్వకపోయినా కలెక్టర్ నుంచి కొంత కరెంటు కారుతూనే ఉంటుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఈ లీకేజీ సుమారు రెట్టింపవుతుంది. మొదటి ట్రాన్సిస్టర్ కలెక్టర్‌లో ఉన్నది 33 కిలోఓమ్‌ల రెసిస్టర్, దాని మీద పడేది 8 వోల్టుల చిల్లర. అంటే ఆ ట్రాన్సిస్టర్‌లో మొత్తం నడిచేదే 250 మైక్రోయాంపులు. లీకేజీ ఒక్కటే దాని దరిదాపులకు వస్తే ఇక సిగ్నల్‌కి చోటేదీ? మొదటిది పూర్తిగా తెరుచుకుంటుంది, రెండోది ఆకలితో మూతపడుతుంది. మీకు వినిపించే తుంపులు అవే.

నిర్ధారించుకోవడం తేలిక. వేడిలో రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ దగ్గర కొలవండి. మామూలుగా 4.5 వోల్టుల చుట్టూ ఉండాలి. అది 7, 8కి ఎగబాకితే దోషి మొదటి ట్రాన్సిస్టర్.

కొత్తది ఏరడం ఇలా. మల్టీమీటర్‌లోని గెయిన్ సాకెట్‌ను నమ్మవద్దు, అది లీకేజీని కూడా గెయిన్‌గా లెక్కేసి చూపిస్తుంది. 9 వోల్టుల బ్యాటరీ తీసుకోండి. పీఎన్‌పీ ట్రాన్సిస్టర్ ఎమిటర్‌ను ప్లస్‌కి కలపండి. కలెక్టర్‌ను 2.2 కిలోఓమ్‌లు, 270 ఓమ్‌లు వరసగా కలిపిన 2.47 కిలోఓమ్‌ల గుండా మైనస్‌కి కలపండి. బేస్‌ను గాలిలో వదిలేసి ఆ 2.47 మీద వోల్టేజి చూడండి. అదే లీకేజీ, 0.1 వోల్టుకు 40 మైక్రోయాంపులు. తరవాత బేస్‌కీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య 2.2 మెగాఓమ్‌లు పెట్టి మళ్ళీ చూడండి. రెండో అంకెలోంచి మొదటిది తీసేసి 100తో గుణిస్తే అసలు గెయిన్. మొదట 0.20, తరవాత 1.00 వస్తే గెయిన్ 80, లీకేజీ 80 మైక్రోయాంపుల చిల్లర. వేళ్ళతో పట్టుకున్నాక ఒక నిమిషం ఆగి చదవండి, వేళ్ళ వేడికే అంకె కదులుతుంది.

మొదటి చోటుకి గెయిన్ 70–80, లీకేజీ వీలైనంత తక్కువ, 100 మైక్రోయాంపులు దాటకూడదు. రెండో చోటుకి గెయిన్ 110–130, లీకేజీ కాస్త ఎక్కువున్నా సర్దుకుంటుంది. తరవాత 8.2 కిలోఓమ్‌ల రెసిస్టర్ బదులు 20 కిలోఓమ్‌ల ట్రిమ్మర్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న పాట్) వేసి, మీరు వాయించే గది వేడిలోనే కలెక్టర్‌ను 4.5 దగ్గర నిలపండి.

రెండు హెచ్చరికలు. పీఎన్‌పీ ఫజ్ ఫేస్‌లో గ్రౌండ్ ప్లస్. మిగతా పెడల్స్‌తో ఒకే పవర్ తీగ పంచితే అడాప్టర్ షార్ట్ అవుతుంది, దానికి విడిగా బ్యాటరీ ఉంచండి. ఇక దాని ముందు బఫర్ (పికప్ సిగ్నల్‌ను తాను అందుకుని బలంగా ముందుకు పంపే సర్క్యూట్) ఉన్న ఏ పెడల్‌నీ పెట్టకండి. ఈ సర్క్యూట్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ చాలా తక్కువ, గిటార్ పికప్ నేరుగా తగిలితేనే దాని గుణం. గిటార్ వాల్యూమ్ తగ్గిస్తే ఫజ్ విడిపోయి గాజులా మోగడం ఈ పెడల్ వైభవం. మధ్యలో బఫర్ వస్తే అదే పోతుంది.

ప్రశ్న: క్లాన్ సెంటార్ ఓవర్‌డ్రైవ్ పెడల్ నకలులో సన్నని ఈల వస్తోంది. ఇంకో నకలు 12 వోల్టుల అడాప్టర్‌కి కాలిపోయింది. ఒరిజినల్‌లోని జర్మేనియం డయోడ్లే లేకుండా ఈ టోన్ వస్తుందా?

జవాబు: బిల్ ఫినెగన్ 1994 నుంచి సుమారు 8,000 సెంటార్లు తయారుచేశాడు. సర్క్యూట్ కనబడకుండా దాని మీద ఎపాక్సీ (రాయిలా గట్టిపడే జిగురు) పోశాడు. ఆ నల్లటి ముద్దే సగం కథలు పుట్టించింది. ఇప్పుడు ఆ సర్క్యూట్ అందరికీ తెలిసిందే, సరిగ్గా కట్టిన నకలు దానికి చాలా దగ్గరగా వస్తుంది.

ఈల గురించి. ఈ పెడల్ 9 వోల్టులను చార్జ్ పంప్ చిప్‌తో పైకి 18, కిందికి మైనస్ 9గా మార్చుకుంటుంది. మామూలుగా ఆ చిప్ 5 నుంచి 10 కిలోహెర్ట్జ్ దగ్గర కొట్టుకుంటుంది, అది చెవికి వినబడే చోటు. మ్యాక్స్1044లో ఒకటో కాలును ఎనిమిదో కాలికి కలిపితే ఆ వేగం చెవి అందుకోలేని చోటుకి వెళ్తుంది. మీ దాంట్లో ఐసీఎల్7660 అని ఉండి, చివర ఎస్ అక్షరం లేకపోతే ఆ బూస్ట్ సదుపాయమే ఉండదు. చిప్ మార్చాలి. ఇదే చిప్‌కి గరిష్ఠం 10 వోల్టులు. కనుక 12 వోల్టులకు కాలడంలో వింత లేదు. రెగ్యులేషన్ లేని పాత ‘9 వోల్టుల’ అడాప్టర్లు కూడా లోడ్ లేకుండా 12 దాటుతాయి, మీటర్ పెట్టి చూశాకే గుచ్చండి.

డయోడ్ల సంగతి: గెయిన్ నాబ్ రెండు ట్రాక్‌ల పాట్. తక్కువలో పెడితే శుభ్రమైన సిగ్నలే ఎక్కువ దాటుతుంది. ఎక్కువమంది ఈ పెడల్‌ను అలాగే, యాంప్‌ను ఎగదోయడానికి వాడతారు. అప్పుడు డయోడ్లకు పెద్దగా పనే లేదు. గెయిన్ బాగా పెంచితే జర్మేనియం, సిలికాన్ తేడా వినబడుతుంది. జర్మేనియంలోనే రెండు రకాల మధ్య తేడా కోసం వెంపర్లాడనక్కర్లేదు.

ప్రశ్న: పాత కార్బన్ కాంపోజిషన్ రెసిస్టర్లు వేస్తే ‘వింటేజ్ వెచ్చదనం’ వస్తుందా?

జవాబు: 9 వోల్టుల పెడల్‌లో రాదు, సరసరమనే శబ్దం మాత్రం వస్తుంది. వాటి విలువ వోల్టేజితో పాటు కొద్దిగా కదిలే మాట నిజమే. కానీ అది లెక్కకొచ్చేది వందల వోల్టులు ఊగే వాల్వ్ ప్లేట్ దగ్గర. ఇంకో చిక్కు ఉంది. ఇవి వయసుతో, తేమతో విలువ పెరుగుతాయి. 100 కిలోఓమ్‌లు అని రాసున్నది 120 చూపించవచ్చు. కాబట్టి మీరు మెచ్చిన యాంప్‌ను దింపాలంటే రంగు గీతలు చదవకండి, కొలవండి.

ప్రశ్న: డంబుల్ యాంప్ క్లోన్లలో ఏది అసలుకి దగ్గర?

జవాబు: ఏ అసలుకి? 2022లో మరణించిన అలెగ్జాండర్ డంబుల్ ఒక్కొక్క గిటారిస్టు చేతిని విని, ఆ మనిషికి తగ్గట్టు యాంప్‌ను సరిదిద్దేవాడు. ఆయన ఓవర్‌డ్రైవ్ స్పెషల్ మోడల్ యాంప్‌లు ఏ రెండూ ఒకేలా ఉండవు. ప్రతి క్లోనూ ఎవరో తెరిచి చూసిన ఒక్క యాంప్‌కి నకలు, అది ఇంకొకరి చేతికి కుట్టిన చొక్కా. ట్రిమ్మర్లు మీ గిటార్‌కి తగ్గట్టు తిప్పుకోవడానికి వీలిచ్చే క్లోన్‌నే తీసుకోండి.

ప్రశ్న: సోల్డరింగ్ గోల లేకుండా, యాంప్ పలికే తీరును సాఫ్ట్‌వేర్‌కి నేర్పే న్యూరల్ క్యాప్చర్‌తో అసలు యాంప్‌నే కంప్యూటర్‌లోకి దింపుకోవచ్చు కదా?

జవాబు: దింపుకోవచ్చు, చాలాసార్లు కట్టిన క్లోన్ కంటే అదే దగ్గరగా వస్తుంది. ఉచితంగా దొరికే న్యూరల్ యాంప్ మోడలర్‌లో మూడు నిమిషాల పైచిలుకు పరీక్ష సిగ్నల్‌ను యాంప్ గుండా పంపి, వచ్చినదాన్ని రికార్డు చేసి శిక్షణ ఇస్తారు. చివర్లో అసలుకీ నకలుకీ ఎంత తేడా మిగిలిందో చెప్పే ఈఎస్ఆర్ అనే అంకె చూపిస్తుంది. 0.01 కంటే తక్కువైతే బాగా కుదిరినట్టు.

పరిమితులు మూడు. మామూలు క్యాప్చర్ ఒక్క నాబ్ అమరికకు తీసిన ఫొటో. గెయిన్ 5 మీద తీసి, కంప్యూటర్‌లో 8కి తిప్పితే అది ముందున్న సిగ్నల్‌ను పెంచడమే, ఆ యాంప్‌లో 8 కాదు. కోరస్, డిలే, ట్రెమొలో లాంటి కాలంతో మారే ఎఫెక్ట్‌లు ఇందులో దిగవు. మూడోది ఎక్కువమంది కాళ్ళు తడబడేది, ఇన్‌పుట్ లెవెల్. క్యాప్చర్ తీసినవారి ఇంటర్‌ఫేస్‌కీ మీదానికీ 6 డెసిబెల్స్ తేడా ఉంటే మీరు వింటున్నది రెట్టింపు గట్టిగానో, సగం మెల్లగానో మీటిన గిటార్‌ని. ‘ఈ క్యాప్చర్ మొద్దుగా ఉంది’ అని తీసేసే ముందు ఇన్‌పుట్ ట్రిమ్‌ను అటూ ఇటూ కదిపి చూడండి. ఫజ్ ఫేస్‌ను క్యాప్చర్ చేస్తే పైన చెప్పిన చిక్కే ఇక్కడా వస్తుంది. రికార్డింగ్ ఇంటర్‌ఫేస్ అంటే అదీ బఫరే, పికప్‌తో ఆ పెడల్ ఆడుకునే ఆట అందులోకి రాదు.

ప్రశ్న: అసలు పెడల్, నకలు రెండూ నా దగ్గరున్నాయి. అసలుదే బాగుందనిపిస్తోంది. నా చెవిని నమ్మాలా?

జవాబు: చెవిని నమ్మండి, కళ్ళను మాత్రం పక్కన పెట్టండి. ఒక డెసిబెల్ మోత ఎక్కువైతే చాలు, చెవి దాన్ని ‘మెరుగు’ అనేస్తుంది. మొదట ఒక లూపర్‌లో (వాయించింది రికార్డు చేసి మళ్ళీ మళ్ళీ వినిపించే పెడల్) ఎఫెక్ట్‌లేవీ లేని గిటార్ ముక్క రికార్డు చేసి, దాన్నే రెండు పెడల్స్‌కూ పంపండి. ఫజ్ ఫేస్‌కి ఈ పద్ధతి పనికిరాదు, గిటార్‌తోనే వాయించాలి. అవుట్‌పుట్‌ను మల్టీమీటర్ ఏసీ వోల్ట్‌లలో చూస్తూ, పింక్ నాయిస్ అనే పరీక్ష హోరుతో రెండింటి మోతనూ 2 శాతం తేడాలోకి తెండి. నాబ్‌లు ఒకే అంకె మీద పెట్టి సరిపోల్చడం తప్పు. పాట్‌ల తేడా వల్ల నకలులో 12 గంటల చోటు అసలుదాంట్లో 1 గంట చోటు కావచ్చు. గెయిన్, టోన్ చెవితో కలిపాకే మొదలుపెట్టండి.

తరవాత ఇంకొకరిని పిలిచి, మీకు కనబడకుండా నాణెం ఎగరేసి పెడల్ మార్చమనండి. 16 సార్లు చెప్పండి. ఊరికే ఊహించినా 8 సరిపోతాయి. 12 కానీ అంతకు మించి కానీ సరిగ్గా చెబితే తేడా నిజంగానే వినబడుతోందని తీసుకోవచ్చు. అప్పుడు పెట్టె తెరిచి, ముందు పాట్‌లనూ కెపాసిటర్ల విలువలనూ కొలవండి. తేడా దాదాపు ఎప్పుడూ అక్కడే దొరుకుతుంది.